చిరిగిన రెక్క సాక్ష్యం

మూసా కలేఫానుకు అరవై తొమ్మిదేళ్లు. రేవు పక్కన తాళ్లతో అల్లిన కుర్చీల వరుసలో సముద్రానికి దగ్గరగా ఉన్న చివరిది ఆయనది. ఏ పడవ ఏ చేప తెచ్చినా, దాని పేరు మీద ఆఖరి మాట ఆ కుర్చీలోంచే రావాలి. ఇంట్లో భార్య కూరలో ఉప్పు గురించి కూడా ఆయన మాట లెక్కచేయదు కనుక ఆ కుర్చీ లేకపోతే ఆయనకు బతుకు లేనట్టే.

దానికి ఎసరు పెట్టింది సొంత మనవరాలు నాజ్లీన్. గాలి సిలిండర్లు వీపున కట్టుకుని, నలభై బారల లోతున పగడపు దిబ్బల మీద ఉండే చేపల వివరాలు రాసుకొచ్చే పిల్ల. ఆ లోతులో ఉండే ఒక హికా చేప దగ్గర తాతకూ ఆమెకూ వచ్చింది పేచీ. లోతు గాలానికి చిక్కిన పెద్ద చేపల కడుపు కోసినప్పుడల్లా మూసాకు ఈ హికాలు కనిపించేవి. గులాబి రంగు చిన్నదొక జాతి, ఎర్రటి ఒంటికి ఊదా రెక్కలున్న పెద్దదొక జాతి అని నలభై ఏళ్లుగా తీర్పు చెబుతున్నాడు.

“రెండూ ఒకటే తాతా. చిన్నవి ఆడవి. వాటిలో ఒకటి పెరిగి మగదవుతుంది.”

“అవునే, రేపు మీ అవ్వకు గడ్డం మొలుస్తుంది చూడు.”

కుర్చీల వరుసంతా నవ్వింది. ఆ ఊపులో ఆయన నోరు జారాడు. రెండూ ఒకటే అని తేలితే కుర్చీ ఆమెకు వదిలేస్తానన్నాడు. పందెం కాయడం పాపం కాబట్టి దానికి మాటివ్వడం అని పేరు పెట్టాడు.

నాజ్లీన్ సముద్రపు నీళ్ల తొట్టిలో నాలుగు గులాబి హికాలను వదిలింది. మగది ఒక్కటీ లేదు. మనవరాలు చేపను మార్చేస్తుందేమోనని మూసాకు అనుమానం. అందుకే వెన్ను రెక్క చిరిగి ఉన్న పెద్దదాన్ని వేలు పెట్టి చూపించాడు.

“ఇదే నా సాక్షి. దీన్ని మార్చావో, దొరికిపోతావ్.”

ఆయన ఎడమ చెవి కూడా అలాగే చిరిగి ఉంటుంది. కుర్రతనంలో, ట్యూనా వేటలో ఎగిరొచ్చిన గాలం చేసిన పని అది.

రోజుకు మూడు పూటలా వెళ్లి చూశాడు. మూడో వారానికి సాక్షి ఒళ్లు ఎరుపెక్కింది. తొట్టిలో తుప్పు పట్టిందన్నాడు. ఆరో వారానికి రెక్కలు ఊదా రంగుకు తిరిగాయి. అది తక్కిన మూడింటినీ తరుముతోంది. రెక్క మీద గాటు మాత్రం అక్కడే ఉంది. మూసా ఆ పూట టీ కూడా తాగకుండా ఇంటికెళ్లిపోయాడు. సిగ్గుకన్నా దిగులే ఎక్కువగా ఉంది.

మర్నాడు పొద్దున ఊరు నోరెళ్లబెట్టింది. మూసా తన తెల్లగడ్డానికి ఎర్రగా గోరింటాకు పట్టించి, ఊదా రంగు చొక్కా తొడుక్కుని, అదే కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“మాటిచ్చింది తెల్లగడ్డం మూసా. ఆయన ఇక లేడు. నేను వేరే జాతి,” అన్నాడు మనవరాలితో.

నాజ్లీన్ వంగి ఆయన ఎడమ చెవి చిరుగును రెండు వేళ్లతో పట్టుకుంది.

“రంగు మారినా చేప అదే తాతా. లే.”

వరుసంతా చూస్తుండగా మూసా లేచి పక్కకు జరిగాడు.

“ఎడమ వైపు తాడు వదులైంది. చూసుకుని కూర్చో,” అన్నాడు.