ఫ్రీజర్ గదిలో కీచురాళ్ల కూత

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నమ్మడానికైనా కాస్త తీరిక ఉండాలి కదా. ఇంట్లో మగ్గం మూలపడ్డాక నార్కట్‌పల్లి దగ్గర ఒక చిన్న యూనిట్‌లో పనికి చేరాను. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, మధ్యలో అంతా నిలబడి చేసే పని.

అక్కడ కీచురాళ్లను పెంచి పొడి చేస్తారు. ఆ పొడి ప్రొటీన్ బిస్కెట్లలో కలుపుతారు. ఒక రోజు మేత ఆపి, డబ్బాల్లో ఫ్రీజర్ గదిలో పెడతాం. చలికి కూత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. తర్వాత ఉడికించి, ఆరబెట్టి, మరలో పొడి పట్టిస్తాం.

ఊరికే తలుపు తీస్తే చలి పోతుందని సూపర్‌వైజర్ తిడతాడు. అందుకే తలుపుకు చెవి ఆనించి వినేవాళ్లం. చప్పుడు లేకపోతే అయిపోయినట్టే. మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, చప్పుడును బట్టి పని తెలుసుకోవడం నాకు కొత్త కాదు.

ఒక రోజు మధ్యాహ్నం ఆ తలుపు ఓరగా తెరిచి ఉంది. చెవి పెట్టాను. చప్పుడు లేదు. గడియ వేసి అన్నానికి పోయాను. నాతో పనిచేసే యాదమ్మ లోపల డబ్బాల వెనక వంగి ఉందని నాకు తెలియదు. కాళ్లు పీకుతున్నాయి, తొంగి చూసే ఓపిక లేకపోయింది. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సగం అన్నంలో ఉండగా కీచురాళ్లు కూశాయి. కూత ఫ్రీజర్ గదిలోంచే వస్తోంది. అందులో ఉన్నవి మొన్న పెట్టినవి, ఎప్పుడో గడ్డకట్టాయి. పని మళ్లీ మొదటికొచ్చిందని విసుక్కుంటూ, ఎంగిలి చేత్తోనే వెళ్లి గడియ తీశాను.

కూత ఆగిపోయింది. తలుపు వెనకే యాదమ్మ ముడుచుకుని పడి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. అరిచి అరిచి గొంతు పోయింది. మర చప్పుడులో ఆ అరుపులు ఎవరికీ వినపడలేదు.

ఆమెను దవాఖానకు పంపి, డబ్బాలన్నీ మూతలు తీసి చూశాను. ఒక్క పురుగులో కూడా ప్రాణం లేదు.

వారం తర్వాత యాదమ్మ పనిలోకి వచ్చింది. గడియ వేసింది నేనేనని ఒప్పుకుని ఏడ్చాను. కూత విని తీశానని కూడా చెప్పాను.

"ఏం కూత అక్కా? లోపల జర్రంత సప్పుడు లేకుండె. నా పండ్లు కొట్టుకునుడే ఇనొచ్చింది" అంది.

నేను విన్నదేమిటో ఇప్పటికీ తెలియదు. చెవిని నమ్మడం మానేశాను. గడియ వేసే ముందు యాదమ్మా అని పిలుస్తాను. ఆమె పక్కనే నిలబడి ఉన్నా పిలుస్తాను.

"ఈడనే ఉన్న గదక్కా" అంటుంది. అప్పుడు గడియ వేస్తాను.