గుమ్మం దిగిన దగ్గర్నుంచి

టాటానగర్‌లోని కద్మా పేటలో ఏసుమణి దగ్గర టికెట్ తీయించుకున్నవాడు, అది చేతికి రాగానే లేచి వెళ్లిపోదామంటే కుదరదు. ఇంటి గుమ్మం దిగిన దగ్గర్నుంచి అవతల ఊళ్లో కాలు మోపేదాకా ప్రయాణమంతా ఆవిడకు పాఠంలా అప్పజెప్పాలి. తడబడితే మళ్లీ మొదటికి. బడిలో పంతులమ్మ ఉద్యోగం మానేసినా చాదస్తం మానలేదని జనం నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. పదకొండేళ్లలో ఆవిడ పంపినవాళ్లలో విమానం తప్పిపోయినవాడు ఒక్కడూ లేడు.

ఆ రోజు పదమూడో తేదీ. పొద్దున్న పదకొండింటికి పైడమ్మ వచ్చింది. ఆమె మొగుడు అప్పన్న ఇరవై ఏళ్లుగా ఆదిత్యపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. ఆ కార్ఖానా నెలాఖరుకు మూతపడుతోంది. అదృష్టం బాగుండి మస్కట్‌లో పని దొరికింది. టికెట్ అక్కడివాళ్లే ఫోనుకు పంపారు. పద్నాలుగో తేదీ దాటితే వీసా చెల్లదు. పైడమ్మకు తెలియాల్సింది ఒక్కటే: విమానంలో ఎంతసేపు, పులిహోర ఎంత కట్టాలి?

కోల్‌కతా నుంచి మస్కట్‌కు మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు, ఐదు గంటలని ఏసుమణి చెప్పింది. అయితే టాటానగర్‌లో రైలెక్కి, హౌరాలో దిగి, ఊరంతా దాటి, మూడు గంటలు ముందుగా వరసలో నిలబడాలంటే తొమ్మిది గంటలు కావాలి. ఎగరడం చిన్న పనేనని, ఎగిరే చోటికి చేరడమే పెద్ద పనని చెప్పి, అలవాటు చొప్పున అప్పజెప్పమంది.

"రేపు మజ్జానం డూటీ ఛుట్టీ అవగానే ఇంటికొచ్చి బయలెల్తాడక్కా. రేత్రి పన్నెండూ నలబైకి ఇమానం" అంది పైడమ్మ.

ఏసుమణి ఆమె ఫోన్ తీసుకుని టికెట్ చూసింది. పద్నాలుగో తేదీ, 00:40.

అప్పన్న కార్ఖానాలో రాత్రి పదింటికి ఎక్కే సీ షిఫ్ట్, తెల్లారి ఆరింటిదాకా ఎక్కిన రోజు హాజరులోనే పడుతుంది. ఇరవై ఏళ్లు ఆ లెక్కలో బతికినవాడికి పద్నాలుగో తేదీ పన్నెండూ నలభై అంటే రేపు రాత్రే. విమానానికి మాత్రం అది ఈ రాత్రి.

ఫోన్ చేస్తే అప్పన్న ఎత్తలేదు. మిషన్ దగ్గర ఉన్నవాడు ఎలా ఎత్తుతాడు? పైడమ్మను పెట్టె తీసుకుని స్టేషన్‌కు పొమ్మని, ఏసుమణి టికెట్ల గదికి తాళం వేసి కార్ఖానాకు ఆటో ఎక్కింది. ఖర్‌కాయి నది వంతెన మీద లారీలు బారులు తీరి ఉంటే దిగి నడిచింది. అరవై దాటిన మనిషి, ఎండలో.

అప్పన్న నూనె చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చి, విని నవ్వాడు. "ఏటక్కా, నాకు నైట్ డ్యూటీ కొత్తా?"

"నీ సీ షిఫ్ట్‌లో పన్నెండు కొట్టినా తేదీ మారదు అప్పన్నా. విమానానికి మారుతుంది."

అతని మొహంలో నవ్వు పోయింది. లోపలికి వెళ్లి మిషన్ ఆపేసి, ఒంటి మీద బట్టలతోనే ఆటో ఎక్కాడు. రెండున్నర బండి అందింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఏసుమణి ఫోన్ మోగింది. అప్పన్న పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు.

"గుమ్మం దిగనేదక్కా, మిషన్ కాడ్నించే బయలెల్లాను. టేసన్లో పెట్టందుకున్నాను. అవురాలో దిగాను. మూడు గంటలు వరసలో నిలబడ్డాను. ఇమానం ఎక్కాను. మస్కట్‌లో దిగాను."

ఎక్కడా తడబడలేదు. ఏసుమణి కళ్లు తుడుచుకుని, బడిలో అన్నట్టే అంది: "బాగా చెప్పావు. కూర్చో."