అవ్వ తూచిన కర్పూరం

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు ముగ్గురు ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కింది అంతస్తులో ఖాళీ అయిన ఇంటిని చేపలూ మాంసమూ వండుకునేవాళ్ళకు అద్దెకివ్వకూడదనీ, ఆ వాసన మెట్లెక్కి పైదాకా వచ్చి, పూజలూ వ్రతాలూ చేసుకునే ఇళ్ళు మైలపడుతున్నాయనీ అందులో రాసి ఉంది. అందరూ సంతకాలు చేసేశారట. రిటైరైన సైన్సు టీచరమ్మను కనుక నాది అన్నిటికన్నా పైన ఉంటే బాగుంటుందని జాగా వదిలిపెట్టారు. కళ్ళజోడు కోసం వెతుక్కుంటున్న ఆ కాసేపట్లోనే అరవై ఏళ్ళ కిందటి గిద్దలూరూ, మా అవ్వా, ఆమె పూజగదిలో దూలానికి వేలాడిన చిన్న త్రాసూ నా కళ్ళముందుకొచ్చి నిలబడ్డాయి. నా వయసువాళ్ళకైతే ఆ సంగతి చెప్పుకోవచ్చు. మిగిలినవాళ్ళు ముసలమ్మ చాదస్తం అనుకున్నా నాకేం పట్టింపు లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. అప్పట్లో మాది కర్నూలు జిల్లా. బజారులో మా నాయన దుకాణం. ఇంగువ, కర్పూరం, సాంబ్రాణి, వక్కలు అమ్మేవాళ్ళం కనుక నా పావడాలు ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన వదిలేది కాదు. హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి రాచర్ల దారిలోని ఒక పల్లె నుంచి, ఆ పల్లెకు బయట ఉండే హరిజనవాడ నుంచి నడిచి వచ్చేది. ఇద్దరికీ కలిపి ఒకటే బెంచీ. అందుకని నేను రోజూ సాయంత్రం వెనక సందులోంచి పెరట్లోకి వచ్చి, తొట్టి దగ్గర నాలుగు చెంబులు తలమీద పోసుకుని, బట్టలు మార్చుకున్నాకే ఇంట్లో అడుగుపెట్టాలి. అది మా అవ్వ, అంటే నాయన తల్లి, పెట్టిన నియమం. తాత పోయినప్పటి నుంచీ ఆమె మడి ఎంత గట్టిదంటే, పక్కింట్లో ఉల్లిగడ్డ తాలింపు వేస్తున్నారని తెలిస్తే చాలు, వంటింటి కిటికీ మూసేసేది.

ఈ స్నానం సంగతి నా స్నేహితురాలికి ఎవరు చెప్పారో తెలియదు. చలికాలం రాగానే ఆమె బెంచీ చివరికి జరిగి, సగం ఒళ్ళు గాల్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఏంది సంగతని అడిగితే, తగలకపోతే నీకు చన్నీళ్ళ బాధ తప్పుతుంది కదా అంది, ఏమీ జరగనట్టు. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

సరిగ్గా ఆ వారమే సైన్సు అయ్యవారు పరమాణువుల పాఠం ఎత్తుకున్నారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన, పాఠంలో లేనివి చెప్పడమంటే ఆయనకు మహా సరదా. సుద్దముక్కను సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, చివరికి వేలికంటిన పొడిని చూపించి, దీన్నీ సగం చేస్తూ పోతే ఎక్కడ ఆగుతాం అని అడిగారు. రెండువేల ఏళ్ళకు పైగా కిందట గ్రీకు దేశంలో ఒకాయన, ఏ పరికరమూ లేకుండా కూర్చుని ఆలోచించి, ఇక కోయడానికి వీల్లేని కణం ఒకటి ఉండి తీరాలన్నాడట. ఆ కణాలూ, వాటి మధ్య ఖాళీ జాగా, అంతే లోకమంతా అన్నాడట. మన దేశంలోనూ ఒక ముని ఇలాంటి మాటే అన్నాడని చెప్పి, వాసనంటే కూడా వస్తువు నుంచి లేచొచ్చి మన ముక్కులో చొరబడే కణాలేనని ఆ గ్రీకువాళ్ళ లెక్క అన్నారు. ఆ పెద్దమనిషి పేరు మాలో ఎవరికీ నోరు తిరక్క, గ్రీకు తాత అని పిలుచుకున్నాం. పాఠం అయ్యేసరికి నా స్నేహితురాలు నా చెయ్యి వాసన చూసి, అయితే మీ ఇంగువ ఏడాదిగా నా లోపల ఉందన్నమాట అని నవ్వింది.

ఆ సాయంత్రం నేను తొట్టి దగ్గర చెంబు ముట్టుకోలేదు. ఆమె ఊపిరి నా లోపలికీ, నాది ఆమె లోపలికీ పోయి ఎన్నాళ్ళో అయింది, బయట నీళ్ళు పోస్తే లోపల ఎలా కడుగుతారు అని నిలబడ్డాను. అమ్మ నన్ను లాక్కెళ్ళి నాలుగు చెంబులూ గుమ్మరించింది. రేపటి నుంచి ఎవరు పోసినా పోయించుకోనన్నాను. నాయన దుకాణం నుంచి రాగానే పంచాయితీ జరిగింది. గ్రీకు తాత మాట ఆయనకూ చెప్పాను. స్నానం చేస్తానంటే బడి, లేదంటే చదువు ఇంతటితో సరి అని తేల్చేశాడు.

"ఆ గ్రీకాయన వచ్చి నీకు పెండ్లి చేస్తాడేంది?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది కానీ వెనక్కి తగ్గలేదు. కర్పూరం పొడిచేసి త్రాసులో ఒక పళ్ళెంలో పెట్టండి, రెండో పళ్ళెంలో రాయి పెట్టి ముల్లు సమంగా నిలపండి, ఎవరూ ముట్టని చోట వారం ఉంచండి, తూకం తగ్గితే నేను స్నానం లేకుండా బడికి పోతాను, తగ్గకపోతే ఈ జన్మకు నోరెత్తను అన్నాను. నాయన కసిరాడు. అవ్వ మాత్రం దుకాణంలోని చిన్న త్రాసు తెమ్మంది. మనుషుల మాట నమ్మకపోయినా త్రాసు మాట నమ్మే ఇల్లు మాది. ఆ త్రాసును తన పూజగదిలోనే వేలాడదీయించి, తలుపు గొళ్ళెం తానే పెట్టుకుంది.

ఆ వారం రోజులు నేను బడి గంట ఇంట్లోంచే విన్నాను. చదువు ఆగిపోతుందేమోనన్న భయంతో ఉన్న పుస్తకాలే మళ్ళీ మళ్ళీ చదివాను. ఎనిమిదో పొద్దున అవ్వ మమ్మల్ని పిలిచింది. కర్పూరం పళ్ళెం పైకి లేచి ఉంది, రాయి కిందికి దిగి ఉంది.

"గొళ్ళెం నేనే పెట్టినా, నేనే తీసినా. ఈగ కూడా వాల్లేదు. తగ్గిందంతా యాడికి పోయింది?" అని నాయన్ని అడిగింది. "డబ్బాలో కర్పూరం హరించుకపోకుండా మిరియాలు ఎందుకేస్తాం రా? మీ తాత కాడి నుంచి ఏస్తానే ఉండాం. పోతాదని అందరికీ తెలుసు. యాడికి పోతాదని ఒక్కరమన్నా అడిగినామా?" తర్వాత గొంతు తగ్గించింది. "ఇంతా నా ముక్కులోకే పోయింది. ఆ పక్కింటి ఉల్లిగడ్డ కూడా ఇట్లనే వచ్చింటాది. ఇన్నేండ్లు ఊరికే కిటికీ మూసినా."

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

"అమ్మిని రేపు బడికి పంపు. నా మడి నాది, సచ్చేదాకా పట్టుకుంటా. దాని మీద మాత్రం ఇంక నీళ్ళు పోయొద్దు," అంది.

మర్నాడు బెంచీ మీద నేను మధ్యకు జరిగి కూర్చుని స్నేహితురాలి చెయ్యి పట్టి లాగాను. జరిగిందంతా విని, ఆమె తాపీగా పూర్తిగా బెంచీ మీదికి వచ్చి కూర్చుంది. ఆమె తర్వాత నర్సయింది, పోయి రెండేళ్ళవుతోంది. నాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. అవ్వ అన్న మాట ప్రకారం చివరిదాకా మడి మానలేదు, కానీ వంటింటి కిటికీని మళ్ళీ ఎన్నడూ మూయలేదు.

కళ్ళజోడు దొరికింది, కాగితం చదివాను, సంతకం చెయ్యనన్నాను. వాసన ఎవరింట్లోంచి ఎవరింట్లోకైనా వస్తుందనీ, మీ సాంబ్రాణి పొగ కూడా కిందికి దిగి వాళ్ళ చేపల్లో కలుస్తుందనీ, కావాలంటే కర్పూరం తూచి చూద్దామనీ అన్నాను. ముగ్గురూ ఇంజనీర్లే, నవ్వి, పనులున్నాయని వెళ్ళిపోయారు. అక్షరం ముక్క రాని అవ్వ తన ముప్పై ఏళ్ళ నమ్మకాన్ని ఒక పళ్ళెంలో పెట్టి వారం రోజులు ఎదురుచూసింది. అంత నిజాయితీగా నాతో పోట్లాడే మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు, అదే నాకు లోటు. కాగితంలో నా జాగా ఖాళీగానే ఉంది. కింది ఇంట్లోకి ఎవరు దిగినా, వాళ్ళ పొయ్యి వెలిగే వేళకు నా వంటింటి కిటికీ తెరిచే ఉంటుంది.