శనివారం గుడ్డు పెంకులు, సేజ్ గ్రీన్ గోడలు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను ఉన్నదానికి నాలుగింతలు చేసి చెబుతాను. మా ఆవిడ ఈ గుణాన్ని పెళ్లయిన మూడో రోజే కనిపెట్టింది. తిరుచానూరు నుంచి ఇంటికొస్తుంటే మా ఆటోకు ఒక లేగదూడ అడ్డం వచ్చింది. ఆ సంగతి మామగారికి చెప్పడం మొదలుపెట్టినప్పుడు అది దూడే. ఆయన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి దానికి దంతాలు వచ్చాయి, తొండం వచ్చింది, మీద ఒక మావటి కూడా ఎక్కాడు. కాబట్టి ఈ కథను నాలుగుతో భాగించి చదువుకోండి. ఎక్కడ భాగించకూడదో చివర్లో నేనే చెబుతాను.

మొన్న వేసవిలో ఒక ఉదయం మా ఆవిడ ఇడ్లీ ప్లేటు నా ముందు పెట్టి, చట్నీ వేసినంత తేలిగ్గా, "మన రూముకు రంగు మారుస్తా ఉండాను. సేజ్ గ్రీన్," అంది.

పచ్చరంగుల విషయంలో నేను మరీ అమాయకుణ్ణి కాను. చిలకపచ్చ తెలుసు, ఆకుపచ్చ తెలుసు, తమలపాకు పచ్చకూ అరిటాకు పచ్చకూ తేడా తెలుసు. ఈ సేజ్ మాత్రం మా జిల్లా పొలిమేర ఎప్పుడూ దాటి రాలేదు. ఆవిడ ఫోన్ తీసి చూపించింది. చిత్తూరులో ఉండే మా మరదలు, అంటే ఆవిడ చెల్లెలు, తన పడకగదికి వేయించుకుందట. గోరింటాకు పొడిలో పెరుగు కలిపి, పైన ఇంత విభూతి చల్లితే ఎలా ఉంటుందో అలా ఉంది. బూడిద రంగు అందామంటే పచ్చగా ఉంది, పచ్చ అందామంటే ఒప్పుకోవడం లేదు. తన మనసులో ఏముందో బయటికి చెప్పని రంగు. నాకు అక్కడే అనుమానం మొదలైంది.

ఎందుకంటే పన్నెండేళ్ల కిందట ఆ గదికి గులాబీ రంగు ఎంచుకున్నది నేను. అది మామూలు గులాబీ కాదు. కిటికీ తెరిస్తే రేణిగుంటలో దిగాల్సిన విమానాలు మా వీధి మీద ఒక చుట్టు తిరిగి, ఇది కాదులే అని వెళ్లేవి. ఈ పన్నెండేళ్లలో ఆవిడ దాన్ని ఒక్క మాట అనలేదు. బక్కెట్టు పగిలితే గరిటె కాల్చి అతికించి వాడే మనిషి ఆవిడ. క్యాలెండరు తగిలించే మేకు కూడా పెళ్లినాటిదే. అలాంటి మనిషికి ఉన్నట్టుండి రంగు మీద మనసెందుకు పుట్టింది?

ఇల్లు అమ్మేస్తోందా అనుకున్నాను మొదట. అమ్మకానికి పెట్టేవాళ్లే కదా ముందు రంగులు వేయిస్తారు! కానీ పత్రాలు నా బీరువాలో, నా పాత స్వెట్టరు కింద, భద్రంగానే ఉన్నాయి. ఎదురింటి ముసలామె అనుమానం ఇంకో దారిన పోయింది. "ఏం నాయనా, ఇంటికి రంగులేస్తా ఉండారంట? పెండ్లి ఎవురికి?" అని వీధిలోనే నిలదీసింది. మా ఇంట్లో పెళ్లికాని జీవి ట్యూబ్‌లైటు వెనక ఉండే బల్లి ఒక్కటే. ఆ మాటే చెప్పాను. ఆమె నమ్మలేదు.

మూడో రోజు వడ్రంగి వచ్చి మా డబుల్ కాట్ విప్పేశాడు. దాని బదులు ఆవిడ ఒక గట్టి చెక్కబల్ల చేయించమంది. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు. నేను టేపు తీసుకుని నన్ను నేను కొలుచుకున్నాను. మూడడుగుల బల్ల మీద ఆవిడ పడుకుంటే, పక్కన పట్టేది నా కళ్లజోడు మాత్రమే.

అప్పుడు తెలిసిపోయింది. నన్ను హాల్లోకి పంపేస్తోంది.

కారణం నా గురక అయి ఉంటుంది. రేణిగుంట జంక్షన్లో గూడ్సుబండి షంటింగ్ చేసే చప్పుడు దాని ముందు జోలపాట. ఇరవై ఆరేళ్లు భరించింది, ఇక చాలనుకుంది. అనుకోవచ్చు, న్యాయమే. కానీ యాభై రెండేళ్ల వయసులో ఫ్రిజ్జుకూ టీవీకీ మధ్య పడక వేసుకునే మొగుడి బతుకేమిటో ఆలోచించండి. పాలవాడు ముందు నన్ను లేపి, తర్వాత పాలు పోస్తాడు. గదిలో పడుకునేవాడు ఇంటి మనిషి, హాల్లో పడుకునేవాడు చుట్టం. చుట్టాన్ని ఎన్నాళ్లుంటావని ఎవరైనా అడగొచ్చు. నవ్వుతూ తిరిగాను గానీ, ఆ వారమంతా నాకు అన్నం సరిగా దిగలేదు. మూడోసారి పెట్టించుకున్నప్పుడు మరీను.

ఇక అనుమానం అంటుకున్నాక ఇంట్లో ప్రతిదీ సాక్ష్యమే. పండక్కి పిలిస్తే కూడా "పనుండాది బావా" అని తప్పించుకునే మా మరదలు, మూడు శనివారాలుగా చిత్తూరు నుంచి మొదటి బస్సెక్కి దిగుతోంది. రాగానే అక్కాచెల్లెళ్లిద్దరూ గదిలోకి వెళ్లి గడియ వేసుకుంటారు. అరగంటకు గానీ బయటికి రారు. రెండో శనివారం నేను తలుపుకు చెవి ఆనించాను.

"అబ్బా, మెల్లగా మే! అంత గట్టిగా లాగొద్దు," అంటోంది మా ఆవిడ.

"ఉండక్కా, బిగించి కట్టకపోతే జారిపోతాది," అంటోంది మరదలు.

నన్ను కట్టి హాల్లో పడేయడానికి తాడు సరిచూసుకుంటున్నారని నేను నిర్ధారణకు వచ్చాను.

అంతకన్నా ఘోరం అదే రోజు చెత్తబుట్టలో కనబడింది. పేపర్లో పొట్లం కట్టి పడేసిన కోడిగుడ్డు పెంకులు! మేం శాకాహారులం కాదు. ఆదివారం మా వంటింటి వాసనకు వీధి కుక్కలు వరసలో నిలబడతాయి. కానీ శనివారం మాత్రం గుడ్డు మా గడప తొక్కదు. తాతల కాలం నుంచి అంతే. కొండ కింద ఉంటూ ఆ ఒక్క రోజైనా పాటించకపోతే ఎలా? పొట్లం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను.

"ఏమ్మే, ఇవేంది?"

"పిల్లి తెచ్చి పడేసిందేమో," అంది, వెనక్కి తిరక్కుండానే.

"పేపర్లో పొట్లం కట్టి పడేస్తుందా పిల్లి?"

"తిరుపతి పిల్లి గదండీ. శనివారం గదా, సిగ్గుపడి ఉంటాది."

ఆ జవాబుకు నేను ఓడిపోయాను. అనుమానం మాత్రం ఓడిపోలేదు. రహస్యంగా ఆమ్లెట్లు, గడియ వేసిన గది, ఒక్కరికే సరిపోయే బల్ల, మనసు చెప్పని రంగు. నన్ను సాగనంపిన తర్వాత అక్కాచెల్లెళ్లు ఏ రాజ్యం ఏలబోతున్నారో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

మూడో శనివారానికి పెయింటు మేస్త్రీ గదిలో నా గులాబీని గీకి, తెల్ల ప్రైమరు కొట్టేశాడు. ఆవిడ ఫోన్లో బొమ్మ చూపిస్తే అతను తల అడ్డంగా ఊపాడు.

"ఫోన్లో రంగు నమ్మకూడదు సార్," అన్నాడు ఆవిడ వెళ్లాక. "వెలుతురు పెంచితే ఒగటి, తగ్గిస్తే ఒగటి. రేపు అమ్మ వచ్చి ఇది గాదంటే మళ్లీ నేనే కొట్టాల. చేత్తో పట్టుకునే శాంపిలేదన్నా ఉంటే ఇయ్యి సార్. ఆకో, గుడ్డపీలికో."

శాంపిలు కోసం ఇల్లంతా వెతికాను. గదికి రంగు పడుతోంది కాబట్టి, ఆ రోజు అక్కాచెల్లెళ్లు వెనకాల సామాన్ల గదిలో చేరారు. ఆ గది బయట కిటికీ గట్టు మీద ప్లేటు మూసిపెట్టిన చిన్న స్టీలు గిన్నె ఒకటి కనబడింది. తెరిచాను. లోపల మెత్తగా, చిక్కగా, బూడిదలో పచ్చ కలిసినట్టున్న ముద్ద. అచ్చం ఫోన్లో ఉన్న రంగు!

శాంపిలు కూడా కలిపి పెట్టుకుని, నాకు కనబడకుండా దాచారన్నమాట. దొంగ దొరికాడనుకుంటూ గిన్నెను మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. అతను బొటనవేలితో కాస్త తీసి తెల్లగోడ మీద రాశాడు. వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూశాడు.

"భలే ఉండాది సార్. ఇదే. అమ్మ అడిగింది ఇదే."

తర్వాత వేలు తుడుచుకోబోతూ ఎందుకో వాసన చూశాడు. మొహం మారిపోయింది.

"సార్, ఇంట్లో ఎవురికి విరిగింది?"

"ఏం విరిగింది?"

"ఇది పెయింటు గాదు సార్. పుత్తూరు కట్టు మందు. ఆకు, గుడ్డు తెల్లసొన. నేను నిచ్చెన మీద నించి పడి ఈ చెయ్యి విరిగినప్పుడు, పుత్తూరు పోయి కట్టించుకుని ఆరు వారాలు మోసినా దీన్ని. ఈ వాసన సచ్చినా మర్సిపోను."

అంతలో వెనక నుంచి మరదలి గొంతు. "అక్కా, మందు గిన్నె యాడ పెట్టినావు?"

"కిటికీలోనే ఉండాది సూడు."

"లేదక్కా!"

గిన్నె నా చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని సామాన్ల గది గుమ్మం దాకా నడిచాను. లోపల బియ్యం డ్రమ్ము పక్కన చాప మీద మా ఆవిడ బోర్లా పడుకుని ఉంది. ఊడదీసిన పాతకట్టు ఎండిపోయి పక్కన పడి ఉంది. నడుము మీద దెబ్బ తగిలిన చోటు ఇంకా కమిలే ఉంది.

"ఎక్కువ నొప్పా?" అని అడిగాను.

మరదలు గిన్నె లాక్కుని తన పని తాను మొదలుపెట్టింది. కట్టు పడుతుంటే ఆవిడ చాపలో మొహం పెట్టుకునే అంతా చెప్పింది. నేను ఊళ్లో లేని రోజు బాత్రూం గడప దగ్గర మెట్టు మీద జారింది. చెల్లెల్ని పిలిపించుకుని పుత్తూరు బస్సెక్కింది. ఆ బస్సు కుదుపుల్లో ఆవిడకు ఏ దేవుళ్లు గుర్తొచ్చారో నేను నాలుగుతో హెచ్చించి కూడా చెప్పలేను. కట్టు కట్టినాయన నడుము చివర ఎముక చిట్లిందన్నాడు. వారానికొకసారి ఇంట్లోనే మార్చుకోమని మందు ఇచ్చాడు, నలభై రోజులు గట్టి బల్ల మీద పడుకోమన్నాడు. ఈ మూడు వారాలూ ఆవిడ ఆ నడుముతోనే నాకు ఇడ్లీలు పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు సెప్తే?" తల ఇటు తిప్పింది. "నేను జారింది ఒక్క మెట్టు. మీకు సెప్పి ఉంటే, సాయంత్రానికి నేను కొండ మీద నించి మెట్లన్నీ దొర్లుకుంటా వచ్చి అలిపిరిలో తేలినానని ఊరంతా సెప్పి ఉంటారు. కూరగాయలామె కూడా కాయలు తూస్తా నా నడుము వైపే సూస్తాది. నొప్పన్నా ఓర్చుకుంటా గానీ, అది నా వల్ల గాదు."

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఎందుకంటే అలిపిరి నాకు అప్పటికే తట్టింది. ఆవిడ కన్నా ముందే.

"మరి రంగు?"

"నలభై దినాలు పండుకుని సూడాల్సింది ఆ గోడనే గదా! మీ గులాబీ సూస్తా పండుకుంటే నడుము బాగయినా కండ్లు పోతాయి. చెల్లెలి ఇంట్లో ఒకసారి పండుకున్నా. ఆ గోడ ఏమీ మాట్లాడదు. నాకు మాట్లాడని గోడ కావాల. మాట్లాడేదానికి మీరుండారు."

గుమ్మం అవతల నుంచి మేస్త్రీ దగ్గాడు. "అమ్మా, నేను ఎవురికీ సెప్పను. కానీ రంగు ఆ గిన్నెలో ఉన్నట్టే కొట్టేదా?"

"వద్దు నాయనా, ఇంకా లేతగా కొట్టు. నడుముకు ఉండేది చాలు, గోడకు కూడా ఎందుకు!"

గది తయారైంది. ఆవిడ బల్ల ఎక్కింది. నేను దాని పక్కనే నేల మీద చాప వేసుకున్నాను, ఎవరినీ అడక్కుండా. నలభై రోజులు నోరు కట్టేసుకోవడం ఏ పుత్తూరు కట్టుకూ తీసిపోని బాధ. ఎదురింటి ముసలామె రోజూ పెళ్లి సంగతి అడిగింది. వాస్తు బాగాలేదని చెప్పాను. ఇప్పుడు మా ఆవిడ లేచి తిరుగుతోంది. ఇది రాసుకోవడానికి అనుమతి కూడా ఇచ్చింది, ఒక్క మెట్టును ఒక్క మెట్టుగానే రాయాలనే షరతు మీద. అలాగే రాశాను, పైన చూసుకోవచ్చు.

విమానాలు, గూడ్సుబండి, కుక్కల వరస, వీటిని మీరు ఈపాటికి భాగించే ఉంటారు. గిన్నె, గుడ్డు పెంకులు, మేస్త్రీ మాటలు నిజం, వాటి జోలికి పోకండి. నేను పూర్తిగా కల్పించినది ఒక్కటే ఉంది. గుమ్మంలో నిలబడి "ఎక్కువ నొప్పా?" అని అడిగానన్నాను చూడండి, అది. నేను అడగలేదు. ఆ దెబ్బను కళ్లారా చూస్తూ, గిన్నె చేతిలో పట్టుకుని నేను నిజంగా అడిగిన మొదటి మాట, "అయితే నన్ను హాల్లోకి పంపడం లేదు గదా?"

ఆవిడ నవ్వింది. నవ్వేసరికి నడుము కలుక్కుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు కూడా నొప్పా అని అడిగింది మా మరదలే.