గేటు వేయకముందే ఇచ్చిన నంబరు

మా లైను చరిత్ర రాస్తారట! గుంటూరు నుంచి రిటైరైన రైల్వే ఉద్యోగుల సంఘంవాళ్లు ఫోన్ చేసి చెబితే నాకు నవ్వొచ్చింది. మీటర్‌గేజి పట్టాలు పీకి బ్రాడ్‌గేజి వేసి అప్పటికి పదేళ్లు కావస్తోంది. ఆ పట్టాలు ఉన్నన్నాళ్లూ వాటిని తిట్టుకోని ఉద్యోగి ఒక్కడు లేడు. వినుకొండ వైపు వేశారంటే ఎండకు మాడి చావడమేనని, బదిలీ కోసం దేవుళ్లకి కొబ్బరికాయలు మొక్కుకున్నవాళ్లమే అందరం. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా? ఇప్పుడు ఆ చిన్న బండి మీద అందరికీ ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

అయినా వెళ్లాను. రిటైరైన స్టేషన్ మాస్టరుకి ఇంట్లో పేపరు చదవడం తప్ప పనేముంటుంది? పైగా స్టేషన్ల వారీగా పనిచేసినవాళ్ల పేర్లు రాసే పని నాకే అప్పజెప్పారు. "మీ జ్ఞాపకశక్తి కంప్యూటర్ మాస్టారూ" అన్నాడు సంఘం సెక్రటరీ. ఆయన రిటైర్డ్ గార్డు. పొగిడితే పడనివాడెవడు? పడ్డాను.

బ్రాడీపేటలో ఒక కల్యాణమండపం పై హాల్లో మీటింగు. ముందు బల్ల మీద కంచు గంట, కిరసనాయిలు లాంతరు, వెలిసిపోయిన జెండాలు, టికెట్ల మీద తేదీ కొట్టే మిషను పేర్చారు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు మైకు పట్టుకుని ఎవరి డప్పు వాళ్లు కొట్టుకుంటున్నారు. ప్రతివాడూ ఒక బండిని ప్రమాదం నుంచి కాపాడినవాడే. ఇంతమంది కాపాడుతూ ఉంటే మరి ప్రమాదాలు చేసినవాళ్లెవరో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ మాట తట్టగానే తల వంచుకుని పేర్ల కాగితాల్లో పడ్డాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం నాకు అలవాటే.

పదకొండింటికి కాబోలు, గుమ్మం దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో చెప్పులు. చెప్పులు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చే మనిషిని చూడగానే గుర్తుపట్టాను. మా స్టేషనుకి కిలోమీటరున్నర దూరంలో ఉండే గేటుకి గేట్‌మన్ అతను.

నేరుగా సెక్రటరీ దగ్గరికెళ్లి నమస్కారం పెట్టాడు. "అయ్యా, పుస్తకంలో పేర్లు ఎక్కిస్తన్నారంటగా. నేను పద్దెనిమిదేళ్లు గేటు కాసానండి. నా పేరు కూడా ఎక్కియ్యండి."

"ఏ సంవత్సరం రిటైరయ్యావు?"

"రిటైరు కాలేదండి. తీసేశారు."

ఎందుకు తీసేశారో అక్కడ సగం మందికి తెలుసు. తెలియనివాళ్లకి పక్కవాళ్లు చెవిలో చెప్పారు. వాళ్లకి తెలిసిన కథ వేరు, నాకు తెలిసిన కథ వేరు.

ఆ రోజుల్లో పద్ధతి ఇది. బండి వస్తోందంటే స్టేషన్ మాస్టరు గేటుకి ఫోన్ చేస్తాడు. గేట్‌మన్ గేటు వేసి, తాళం పెట్టి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నంబరు చెబుతాడు. ఆ నంబరు చెప్పాడంటే గేటు పడిందని అర్థం. అది రిజిస్టర్లో రాసుకున్నాకే మాస్టరు సిగ్నలివ్వాలి. రూలు బాగానే ఉంది. మిర్చి కోతల కాలంలో మాత్రం కల్లాల నుంచి మిరప టిక్కీ బస్తాలెత్తుకుని ఎడ్లబండ్లు బారులు తీరి వచ్చేవి. గేటు వేస్తే రైతులు గేట్‌మన్‌ని తిడతారు. వేయకపోతే రైలు సిగ్నలు బయట ఆగిపోతుంది, ఎందుకు ఆగిందని పైవాళ్లు నన్ను తిడతారు.

ఆ మధ్యాహ్నం కూడా ఫోన్ చేశాను.

"ఇంకా నాలుగు బండ్లున్నయ్యండి. రెండు నిమిషాలు" అన్నాడు.

"ముందు నంబరివ్వరా, తర్వాత వేసుకో" అన్నాను. అంతకుముందు వందసార్లు అలాగే అని ఉంటాను.

"ఇరవై మూడండి" అన్నాడు. రాసుకుని సిగ్నలిచ్చాను.

చివరి ఎడ్లబండి ఎద్దు కాలు పట్టాల మధ్య ఇరుక్కుంది. రైలు వచ్చి గుద్దేసింది. ఎడ్లు రెండూ చచ్చాయి. తోలే రైతుకి మోకాలి దాకా కాలు పోయింది. పట్టాల పొడవునా మిరపకాయలు.

ఎంక్వైరీలో ఒక్కొక్కళ్లనీ విడిగా లోపలికి పిలిచారు. "గేటు వేశావా అని అడిగారా?" అన్నారు నన్ను. "అడిగానండి. వేశానన్నాడు, నంబరిచ్చాడు" అని రిజిస్టరు తిప్పి చూపించాను. ఇరవై మూడు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. ఉద్యోగం పోతుందేమోనని భయం, అంతే. ఇంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు. గేట్‌మన్‌కిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టి ఊరికి వెళ్లిపోయాడు.

"తీసేసినవాళ్లని రాయడం కుదరదయ్యా. మనిషికి కాలు తీసేసిన కేసు నీది. పుస్తకానికి మచ్చ" అంటున్నాడు ఇక్కడ హాల్లో సెక్రటరీ. అని నా వైపు తిరిగాడు. "మీ స్టేషన్ వాడే కదా మాస్టారూ, మీరేమంటారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమనేదేంటయ్యా! పద్దెనిమిదేళ్లు ఎండలో వానలో గేటు కాసినవాడు రైల్వే మనిషి కాకుండా పోయాడా? ఇక్కడ అందరూ సత్యహరిశ్చంద్రులేనా? బ్రేక్‌వాన్‌లో గుర్రుపెట్టి నిద్రపోయిన గార్డుల పేర్లన్నీ రాశాను ఇందులో. మైకివ్వు, చదివి వినిపిస్తాను!"

అందరూ బిత్తరపోయారు. ఎవరి మీద అరుస్తున్నానో నాకొక్కడికే తెలుసు. "రాసుకోండి మాస్టారూ, బీపీ తెచ్చుకోకండి" అన్నాడు సెక్రటరీ నెమ్మదిగా. ఇంటిపేరుతో సహా రాశాను. మా స్టేషన్ జాబితాలో పైన నా పేరు, కింద అతని పేరు. అక్కడే చెప్పేసి ఉండాల్సింది. ఆ కాసేపూ నోరు నా స్వాధీనంలోనే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మూసుకుని కూర్చున్నాను.

భోజనాలప్పుడు మెట్ల దగ్గర పట్టుకున్నాడు నన్ను గేట్‌మన్. కళ్లనిండా నీళ్లు. "ఇన్నేళ్లకి నా తరఫున మాట్లాడింది మీరొక్కరేనండి" అని మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పాడు. గేటు గొలుసుది. అన్నీ అప్పగించమన్నప్పుడు అదొక్కటీ ఇవ్వలేదట. ఇప్పుడక్కడ గేటూ లేదు, గొలుసూ లేదు, రోడ్డు కిందనుంచి పోతోంది. బల్ల మీద పెట్టడానికి తెచ్చాడట. అక్కడ పెట్టనన్నాడు. నా చేతిలో పెట్టాడు.

"ఒక్క మాట అడుగుతానండి, ఏమనుకోబాకండి. ఆ రోజు లోపల మీరు ఉన్నదున్నట్టు చెప్పారు గదా? నంబరు ముందియ్యమంది మీరేనని?"

నేను తాళంచెవి వైపే చూస్తున్నాను.

"మా ఆడది పొయ్యేదాకా అంటానే ఉంది, నిన్ను ముంచింది ఆ మాస్టరేనని. నేను నమ్మలేదండి. ఆయన అట్టాంటోడు కాదే అని దాంతో పోట్లాడేవోణ్ణి. మీ నోటితో ఒకసారి చెప్తే వినాలని ఉంది."

"చెప్పాను. వాళ్లు వినిపించుకోలేదు" అన్నాను.

"నాకు తెలుసండీ, నాకు తెలుసు" అన్నాడు. మొహం తేలికపడింది. అన్నం తినకుండానే బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు.

పుస్తకం వచ్చింది. ఒక కాపీ అతనికి పోస్టులో పంపారు. తాళంచెవి నా బీరువాలో, పెన్షన్ కాగితాల మీద ఉంది. కాగితం తీయాలన్నప్పుడల్లా దాన్ని చేత్తో పట్టుకోక తప్పదు. నేనేం చేశానో ఈ లోకంలో సరిగ్గా కనిపెట్టింది అతని పెళ్లాం ఒక్కతే. చచ్చిపోయిన ఆ మనిషి మాట అబద్ధమని మొగుడికి నమ్మకంగా చెప్పి పంపాను.