బ్రహ్మచారి తొమ్మిదోడు

మారేడ్‌పల్లిలో కంప్యూటర్లు బిగించి అమ్మే బ్రహ్మచారికి ఒకటే జబ్బు. ఎక్కడ ఎనిమిది కనిపించినా "తొమ్మిదోడేడి?" అని అడుగుతాడు.

"మా బిడ్డ పెళ్లిచూపులకు ఎనిమిది మంది వచ్చిండ్రు. తొమ్మిదోడేడని పిల్లగాని నాయిన్ని అడిగిండు. పాపం, వాళ్లు బోయిన్‌పల్లి నుంచి బామ్మర్దిని పిలిపించిండ్రు," అంటుంది భార్య కమలాబాయి. ఆ బామ్మర్ది మొత్తం మైసూర్‌పాక్ తినేసి వెళ్లాడు.

పక్క వీధిలో ఫొటో స్టూడియో నడిపే కల్పలతకు ఈ జబ్బు మూలం తెలుసు. అప్పట్లో ఆమె పాత కంప్యూటర్ ఫొటోలో ఓ పెళ్లికొడుకు ముఖం మీద నుదుటి నుంచి గడ్డం దాకా పచ్చచార గీసింది. ఆ ఇంటివాళ్లు ఊరంతా చాటారు. ఇంకో ఫొటో పోతే స్టూడియో మూసుకోవడమే. బ్రహ్మచారి దగ్గరికి వచ్చింది.

అతను మెమరీ పలక చూపించాడు. "ఎనిమిది చిప్పులు. నువ్వు దిద్దే ఫొటో వీటిల్లనే ఉంటది. ఒకడు తప్పు జేస్తే చెప్పేటోడు లేడు. పెద్ద కంపెనీల మిషన్లల్ల తొమ్మిదోడుంటడు. తప్పు పట్టి, అక్కడ్నే దిద్దుతడు. నా షాపు మిషన్ల సుత ఒకణ్ని పెట్టుకున్న. మనింట్ల కంప్యూటర్లకు ఎందుకు పెట్టరు? మనయి ఫొటోలు గావా?"

"పెట్టియ్యన్నా మరి."

"బోర్డు సుత వేరేది గావాలె. జెర ఖర్చు."

ఖర్చు మాట వినగానే కల్పలత లేచింది. "నాతోని గాదు. ఎనిమిదితోనే ఇయ్యి."

బ్రహ్మచారి ముఖం మాడ్చుకున్నాడు. రెండ్రోజులకు కొత్త కంప్యూటర్ తెచ్చి బిగించి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

రెండు పెళ్లిళ్ల సీజన్లు గడిచాయి. ఒక్క పచ్చచార లేదు. కల్పలతకు ధైర్యం వచ్చి నోరు లేచింది. "తొమ్మిదోడు లేకున్నా నా మిషన్ మస్తు నడుస్తది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అదేమిటో, ఆమెకు కంప్యూటర్ బిగించినప్పట్నుంచి బ్రహ్మచారి షాపు కంప్యూటరే రోజూ మొరాయించేది.

"ఏందన్నా, నీ తొమ్మిదోడు పండుకున్నడా?" అని ఎగతాళి చేసేది. అతను కళ్లజోడు తుడుచుకునేవాడు.

మొన్న దుమ్ము దులుపుదామని కల్పలత తన కంప్యూటర్ మూత విప్పింది. ఊరికే మెమరీ పలక మీది చిప్పులు లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే.

చేతిలో గుడ్డతోనే షాపుకు నడిచింది. అక్కడి కంప్యూటర్‌కు మూత ఎప్పుడూ ఉండదు. వంగి లెక్కపెట్టింది. ఎనిమిది. బోర్డు కూడా ఆమెకు అమ్మాల్సిన మామూలుదే. తను చేసిన ఎగతాళి అంతా గుర్తొచ్చి సిగ్గేసింది. ఈ పిచ్చి మనిషి మీద చెప్పలేనంత ప్రేమా కలిగింది.

"అన్నా," అంది, "తొమ్మిదోడేడి?"

బ్రహ్మచారి తల ఎత్తలేదు.

"డ్యూటీకి పోయిండు చెల్లె. పెళ్లిళ్ల సీజన్ గదా, సెలవు దొరుకుతలేదు."