విడిగా పెట్టిన కుండ

2012 వేసవిలో మావారితో ఎల్లారెడ్డి నుంచి మంజీర ఒడ్డున ఉన్న ఒక కుమ్మరుల ఊరు చూడటానికి వెళ్లాను. ఒక వాకిట్లో కుండలన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం విడిగా ఉంది. దాన్నే భుజానికెత్తుకుని మావారితో ఫోటో తీయించుకున్నాను. సారె తిప్పుతున్న అవ్వ చేయి ఆగిపోయింది. అరుగు మీద కూర్చున్న మనిషి లేచి వచ్చాడు.

“అక్కా, మెల్లగ దించుండ్రి. పొద్దుగాల మా బాపు పోయిండు. కాష్టం చుట్టు నేను మోసే కుండ గది.”

“వేరేది ఇస్త బిడ్డా,” అంది అవ్వ.

“వద్దవ్వా, పలుగలేదు గద.”

నా చేతులు కదల్లేదు. అతనే దించుకుని వెళ్లిపోయాడు. సిగ్గు కూడా అప్పుడు రాలేదు.

ఆ ఫోటో ఇంకా ఉంది. నేను నవ్వుతున్నాను. వెనక అరుగు మీద అతను కుండవైపే చూస్తున్నాడు.